అల్-రాజీ

అబూబక్ర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అల్-రాజీ (క్రీ.శ. 865 – 925, హిజ్రీ శకం 251 – 313) పారశీక దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, రసాయన శాస్త్రజ్ఞుడు, తత్వవేత్త. ఐరోపా గ్రంథాలలో ఇతడు రాజెస్ అనే పేరుతో ప్రసిద్ధుడు. రయ్, బాగ్దాదు నగరాలలోని వైద్యశాలలకు అధిపతిగా పనిచేసాడు. మశూచి, తట్టు వ్యాధులకు గల భేదాన్ని వివరిస్తూ ఇతడు వ్రాసిన గ్రంథం, ఈ విషయంపై ప్రత్యేకంగా వ్రాయబడి నేటికి లభిస్తున్న వాటిలో మొదటిది. వైద్యుడు రోగితో ఎలా మెలగాలి, రోగి రహస్యాన్ని ఎలా కాపాడాలి, పేదవానికి ఏ విధంగా చికిత్స చేయాలి అన్న విషయాలపై ఇతడు శిష్యునికి వ్రాసిన లేఖ, ఇస్లామీయ నాగరికతలో వైద్య నీతిని గురించి వెలువడిన తొలి రచనలలో ఒకటి. ఆ నాగరికతలోని వైద్యానికి ఇంత గౌరవం తెచ్చిన ఈ వ్యక్తినే, అతని జీవితకాలంలోను ఆ తరువాతా అనేకులు మతభ్రష్టుడని నిందించడం గమనార్హం.

జననం, యవ్వనం

అల్-రాజీ నేటి ఇరాన్ రాజధాని టెహరాన్ సమీపంలోని రయ్ నగరంలో జన్మించాడు. అల్-రాజీ అనే మాటకు రయ్ నగరవాసి అని అర్థం. అదే ఊరికి చెందిన మరికొందరు పండితులకు కూడా ఇదే బిరుదు ఉండటం వలన చదువరులు పొరబడే అవకాశం ఉంది. ఇతడి జనన మరణ తేదీలను మనకు అందించినవాడు అల్-బెరూనీ. భారతదేశ చరిత్ర పాఠకులకు సుపరిచితుడైన ఈ పండితుడు అల్-రాజీ గ్రంథాలన్నిటికీ ఒక జాబితా తయారుచేసి, దానికి ముందు అతని జీవితాన్ని క్లుప్తంగా వ్రాసాడు. ఆ జాబితాలో 184 గ్రంథాల పేర్లు ఉన్నాయి. వాటిలో అధికభాగం నేడు లభించడం లేదు.

యవ్వనంలో ఇతడు ఊద్ అనే తంత్రీవాద్యాన్ని వాయించేవాడని, పాటలు పాడేవాడని జీవితచరిత్రకారులు వ్రాసారు. ఆ తరువాత రసవాదం మీద ఆసక్తి కలిగింది. లోహాలను, లవణాలను కొలిమిలో కాల్చుతూ, ఆవిరులు పీలుస్తూ గడిపిన ఆ రోజులలోనే కళ్ళు దెబ్బతిన్నాయని, ఆ బాధే ఇతడిని వైద్యం వైపు మళ్ళించిందని అల్-బెరూనీ కథనం. ఏది ఏమైనా ముప్పై ఏళ్ళు దాటిన తరువాతనే వైద్యం అభ్యసించాడనే విషయంలో పాత రచయితలు ఇంచుమించు ఏకీభవిస్తారు. అలీ ఇబ్న్ రబ్బన్ అల్-తబరీ ఇతడి గురువని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. కాని అల్-రాజీ పసివాడుగా ఉన్న కాలానికే అల్-తబరీ వృద్ధుడు కనుక ఇది నమ్మదగినది కాదు. అతని గ్రంథాన్ని చదివి నేర్చుకున్నాడనుకోవడం సమంజసం.

రసవాదాన్ని ఇతడు ఎన్నడూ పూర్తిగా వదలలేదు. పదార్థాలను జంతుజన్యములు, వృక్షజన్యములు, ఖనిజములు అని విభజించి, ఖనిజాలను మరల ఉపవర్గాలుగా విడదీసాడు. కొలిమి, మూస, బట్టీయంత్రం మొదలైన పరికరాలను, వాటిని వాడే పద్ధతిని ఒక పనివాడు మరొక పనివానికి చెప్పినట్లు వివరించాడు. గంధకికామ్లాన్ని, ఆల్కహాలును ఇతడే కనుగొన్నాడని ప్రచారంలో ఉన్న మాటలకు మాత్రం తగిన ఆధారాలు లేవు.

రయ్, బాగ్దాదు వైద్యశాలలు

ఆ కాలంలో వైద్యశాలను బీమారిస్తాన్ అనేవారు. పారశీక భాషలో బీమార్ అంటే రోగి, స్తాన్ అంటే చోటు. పాలకుల దానాలతోను, ధర్మార్థం కేటాయించిన ఆస్తుల ఆదాయంతోను ఇటువంటి వైద్యశాలలు నడిచేవి. అల్-రాజీ మొదట స్వస్థలమైన రయ్ వైద్యశాలకు అధిపతి అయ్యాడు. అప్పుడు రయ్ ప్రాంతానికి సామానీ వంశానికి చెందిన మన్సూర్ ఇబ్న్ ఇస్‌హాక్ పాలకుడు. అల్-రాజీ తన వైద్య గ్రంథాన్ని అతనికి అంకితమిచ్చి కితాబ్ అల్-మన్సూరీ అని పేరు పెట్టాడు. తరువాత ఖలీఫా అల్-ముక్తఫీ కాలంలో (902 – 908) బాగ్దాదు వైద్యశాల బాధ్యతలు చేపట్టాడు. ఆ పిమ్మట తిరిగి రయ్ చేరుకున్నాడు. బాగ్దాదులో ఉన్న కాలం ఎంతో కచ్చితంగా నిర్ణయించడం కష్టం.

బాగ్దాదు వైద్యశాలకు స్థలం ఎంపిక చేయడాన్ని గురించి ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. అల్-రాజీ నగరంలో పలుచోట్ల మాంసం ముక్కలను వ్రేలాడదీయించి, ఎక్కడి మాంసం అన్నిటికంటే ఆలస్యంగా కుళ్ళిందో అక్కడ వైద్యశాల కట్టించమన్నాడట. కథ బాగుంది కాని, ఇందులో చెప్పబడిన అదుదీ వైద్యశాల ప్రారంభమైనది 10వ శతాబ్దం చివరి భాగంలో, అంటే అల్-రాజీ మరణించిన అర్ధశతాబ్దం తరువాత. ఈ పొరపాటును 13వ శతాబ్దంలోనే డెమాస్కస్‌కు చెందిన వైద్య చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా గుర్తించాడు.

అల్-రాజీ రోగులను చూసే పద్ధతిని ఇబ్న్ అల్-నదీమ్ తన ఫిహ్రిస్త్ (987) లో నమోదు చేసాడు. ఇతడిని కళ్ళారా చూసిన రయ్ వాసి ఒక వృద్ధుడు చెప్పిన వివరాలివి. పెద్ద తల గల ఈ వైద్యుడు మధ్యలో కూర్చునేవాడు. ఎదుట శిష్యులు, వారి ముందు వారి శిష్యులు, ఆ ముందు మరికొందరు విద్యార్థులు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి మొదటి వరుసవారికి తన బాధ చెప్పుకునేవాడు. వారికి అంతుపట్టకపోతే తరువాతి వరుసకు, అక్కడా తేలకపోతే ఆ పై వరుసకు వెళ్ళేవాడు. ఎవరికీ తెలియనప్పుడు చివరకు అల్-రాజీ వద్దకు చేరేవాడు. ఈ ఏర్పాటు వలన విద్యార్థులకు పుస్తకంలోని రోగం కాక ఎదుటనున్న రోగి పాఠమయ్యేది. అదే వృద్ధుడు మరొక విషయం కూడా చెప్పాడు. అల్-రాజీ పేదరోగుల పట్ల ఎంతో దయ చూపేవాడు, వారికి డబ్బు ఇచ్చి మరీ సేవ చేసేవాడు. తాను ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒకటి వ్రాస్తూనే కనిపించేవాడట.

రోగుల వివరాల నమోదు

అల్-రాజీ చూసిన రోగుల వివరాలను శిష్యులు కితాబ్ అల్-తజారిబ్ అనే పేరుతో సంకలనం చేసారు. ఇందులో సుమారు 900 మంది రోగుల వృత్తాంతాలు ఉన్నాయి. అల్-హావీలో కూడా ఇటువంటివి కనిపిస్తాయి. వీటిలో 33 వృత్తాంతాలను నేత్రవైద్యుడు, చరిత్రకారుడు అయిన మాక్స్ మేయర్‌హోఫ్ 1935 లో ఆంగ్లానువాదంతో ప్రచురించిన తరువాత ఐరోపా పండితుల దృష్టి వీటిపై పడింది.

వాటిలో ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఒక రోగికి విడిచి విడిచి జ్వరం వచ్చేది. వచ్చే వ్యవధి ఒక్కోసారి ఒక్కో విధంగా ఉండేది. ఇది చాతుర్థిక జ్వరంగా మారుతుందేమో, లేదా మూత్రపిండంలో పుండు ఉందేమో అని అల్-రాజీ రెండు అవకాశాలు చెప్పాడు. కొద్ది రోజులకే రోగి మూత్రంలో చీము పడింది. పుండు సంగతి తేలిపోయింది, జ్వరం కూడా తగ్గింది. తరువాత అల్-రాజీ ఈ ఘటనను వ్రాస్తూ తాను మొదటనే గట్టిగా చెప్పలేకపోవడానికి కారణాలు వెదుకుతాడు. రోగికి అంతకు పూర్వం వేరే రకమైన జ్వరాలు వచ్చి ఉండటం ఒక కారణం. లేచి నిలబడినప్పుడు నడుము వద్ద బరువు వ్రేలాడినట్లు ఉంటుందా అన్న ప్రశ్న తాను అడగవలసి ఉండగా అడగకపోవడం రెండవది. రోగి చెప్పలేదు, వైద్యుడు అడగలేదు. ఈ లోపాన్ని అతడు తన ఖాతాలోనే వ్రాసుకున్నాడు. పేరుప్రతిష్ఠలు గల వైద్యుడు తన పొరపాటును శిష్యులు చదవడానికి వీలుగా వ్రాసిపెట్టడం ఆనాటికే కాదు, ఏనాటికైనా అరుదు.

చికిత్సలను సరిపోల్చి చూడటం

అల్-హావీలో సర్సామ్ అనే వ్యాధిని గురించిన ఒక భాగాన్ని నేటి వైద్యశాస్త్ర చరిత్రకారులు తరచుగా ఉదాహరిస్తారు. సర్సామ్ అంటే మెదడు పొరలకు వచ్చే వాపు. తలనొప్పి, మెడనొప్పి కొన్ని రోజులుగా ఉండి, వెలుతురును చూడలేక, నిద్ర పట్టక, మందకొడిగా ఉన్న రోగికి ఈ వ్యాధి రాబోతోందని అల్-రాజీ గుర్తించాడు. అటువంటివారికి రక్తం తీయించడం మేలని అతని నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చుకోవడానికి కొందరికి రక్తం తీయించాడు, మరికొందరికి ఉద్దేశపూర్వకంగా తీయించలేదు. రక్తం తీయనివారందరికీ సర్సామ్ వచ్చిందని వ్రాసాడు.

ఒక చికిత్సను, ఆ చికిత్స లేని స్థితితో సరిపోల్చిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఎందరిని ఏ విధంగా విభజించాడో చెప్పలేదు. పైగా రక్తం తీయడం ఈ వ్యాధికి మందు కాదని నేటి వైద్యం తేల్చింది. రెండవది నీతికి సంబంధించినది. ఇది మేలు చేస్తుందని తాను నమ్మిన చికిత్సను కొందరు రోగులకు కావాలని ఆపివేసాడు. రోగి అనుమతి లేకుండా ఇటువంటి పరీక్ష చేయడం నేడు ఏ దేశంలోను అంగీకరించరు. అల్-రాజీ కాలానికి ఈ ప్రశ్న ఇంకా పుట్టలేదు. మరొక సందర్భంలో, పాదరసం లోనికి పుచ్చుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి తన వద్ద ఉన్న కోతికి త్రాగించి గమనించాడు. మనిషిపై ప్రయోగించడానికి ముందు జంతువుపై పరీక్షించడం అతనికి తెలుసునన్నమాట.

వైద్య నీతి

అల్-రాజీ శిష్యుడొకడు ఒక పాలకుని ఆస్థానంలో వైద్యునిగా నియమితుడైనపుడు, అతనికి ఇతడు వ్రాసిన లేఖ అఖ్లాక్ అల్-తబీబ్ (వైద్యుని శీలం) అనే పేరుతో లభిస్తున్నది. చిన్న రచనే అయినా ఇందులోని విషయాలు నేటి వైద్య విద్యార్థికి కూడా పరిచయమైనవే.

రోగి తన తల్లిదండ్రులకు, పిల్లలకు కూడా చెప్పుకోలేని విషయాన్ని వైద్యునికి చెప్పుకుంటాడు. తప్పనిసరి అయి చెప్పుకున్న ఆ సంగతి వైద్యుని నోటి నుండి మరొకరికి పొక్కరాదు. రోగి ఎదుట ఎలా ఉంటాడో, రోగి లేనిచోట కూడా వైద్యుడు అలాగే ఉండాలి. స్త్రీలకు చికిత్స చేయవలసి వచ్చినపుడు చూపును అదుపులో ఉంచుకోవాలి, వ్యాధి ఉన్న చోటును దాటి చూడరాదు. ఈ నియమం వెనుక ఇస్లామీయ ధర్మంలోని మర్యాద భావన స్పష్టంగా కనిపిస్తుంది. అయితే చూడనే రాదని అల్-రాజీ అనలేదు, అవసరమైనంతవరకే చూడమన్నాడు. తరువాతి కాలపు ధర్మశాస్త్రవేత్తలు కూడా ఇదే దారిలో, మామూలు వేళ నిషిద్ధమైనది ప్రాణావసరంలో అనుమతించబడుతుందని, ఆ అనుమతి అవసరపు మేరకే పరిమితమని నిర్ణయించారు. ముస్లిం రోగుల సంరక్షణలో నేటికీ ఈ సూత్రమే ఆధారంగా ఉన్నది.

ధనికునికి చేసినట్లే పేదవానికీ చికిత్స చేయాలి. రోగం నయమైనపుడు అది తన ప్రతిభ అని వైద్యుడు విర్రవీగరాదు, ఫలితాన్ని దైవానికి వదిలి తన ప్రయత్నం తాను చేయాలి. మద్యానికి, వినోదాలకు అలవాటుపడి పిలుపు వచ్చిన వేళకు అందుబాటులో లేకుండా పోరాదు. మద్యం వలన శరీరానికి కలిగే లాభనష్టాలను అల్-రాజీ ఆహార పదార్థాలపై వ్రాసిన పుస్తకంలో శాస్త్రదృష్టితో చర్చించాడు. కాని వైద్యుని నడవడి విషయంలో మాత్రం కఠినంగానే ఉన్నాడు.

రాజులకు వైద్యం చేయడంలోని ఇబ్బందులను ఈ లేఖ దాచలేదు. సామాన్యులకు వైద్యం చేసేవాడు స్వతంత్రుడు, రాజవైద్యుడు సేవకుని వంటివాడు. పథ్యం పాటించమంటే రాజుకు కోపం, పాటించకుండా రోగం ముదిరితే నింద వైద్యునిది. అందుచేత పాలకుని మెప్పు కోసం చికిత్సలో రాజీపడవద్దని శిష్యునికి నచ్చజెప్పాడు. తాను స్వయంగా పాలకుల దగ్గర మెలగినవాడు కనుక ఇది అనుభవం మీద చెప్పిన మాట.

రోగికి ధైర్యం చెప్పడాన్ని గురించి అల్-రాజీ అభిప్రాయం నేటి చర్చలకు దగ్గరగా ఉంటుంది. కోలుకుంటాడన్న నమ్మకం వైద్యునికి లేకపోయినా, రోగికి ఆశ కల్పించాలని అతని మతం. మనస్సు ఎటు నడిస్తే శరీరం అటు నడుస్తుందని అతడు నమ్మాడు. నేటి వైద్య నీతి రోగికి తన స్థితిని తెలుసుకునే హక్కు ఉందంటుంది కాబట్టి ఈ సలహాను యథాతథంగా అంగీకరించడం కష్టం. అయినా ఆశను పూర్తిగా తుంచివేసే మాట వైద్యుడు అనరాదన్న భావన అనేక ముస్లిం కుటుంబాలలో నేటికీ బలంగా ఉన్నది.

రోగులకు కూడా కొన్ని హితవులు చెప్పాడు. ఒకేసారి అనేకమంది వైద్యుల చుట్టూ తిరిగే రోగి వారందరి పొరపాట్లకూ గురి అవుతాడు కాబట్టి నమ్మకమైన ఒకరిని ఎంచుకోవడం మంచిదన్నాడు. ఆహారంతో నయమయ్యేదానికి మందు వాడవద్దని, ఒకే మూలికతో పోయేదానికి పలు దినుసుల మిశ్రమం ఇవ్వవద్దని వైద్యులను హెచ్చరించాడు.

పేదల వైద్యం

వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం అల్-రాజీ వ్రాసిన మన్ లా యహ్‌దురుహు అల్-తబీబ్ అనే పుస్తకం పేదల వైద్యం అనే పేరుతో కూడా ప్రసిద్ధమైనది. ఖరీదైన మందులు రాజుల భాండాగారాలలోనే దొరుకుతాయి. పల్లెలో, ప్రయాణంలో, బీదరికంలో ఉన్నవాడు వంటింటిలోను బజారులోను దొరికే వస్తువులతో ఏమి చేసుకోగలడో ఇందులో తల నుండి పాదాల వరకు వరుసగా వివరించాడు. త్వరగా ఉపశమనం కలిగించగల బాధలను గురించి బుర్ అల్-సాఅ అనే మరొక చిన్న పుస్తకం వ్రాసాడు. వైద్య విద్యను కొద్దిమంది రహస్యంగా దాచుకునే ఆ కాలంలో ఈ పుస్తకాల ప్రాముఖ్యం తక్కువ కాదు.

కపట వైద్యులు

దొంగ వైద్యుల పట్ల అల్-రాజీకి తీవ్రమైన ఏవగింపు ఉండేది. కితాబ్ అల్-మన్సూరీలో వారి మోసాలను ఒక్కొక్కటిగా బయటపెట్టాడు. ఒకడు మూర్ఛరోగిని బాగుచేస్తానని తల వెనుక చర్మాన్ని కోసి, చేతిలో ముందే దాచుకున్న వస్తువును అందులో నుండి తీసినట్లు చూపిస్తాడు. మరొకడు ముక్కులో నుండి బల్లిని, ఇంకొకడు పంటిలో నుండి పురుగులను, వేరొకడు నాలుక క్రింద నుండి కప్పను తీస్తాడు. ఈ మోసాలలో కొన్ని మన సంతలలో నిన్నమొన్నటివరకు కనిపించినవే.

నేర్పరులైన వైద్యులను వదిలి జనం ఇటువంటివారి వెంట ఎందుకు పడతారు అనే ప్రశ్నపై ప్రత్యేకంగా ఒక రచన చేసాడు. ఎంత నేర్పరి అయినా అన్ని రోగాలనూ నయం చేయలేడని మరొక రచనలో ఒప్పుకున్నాడు. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉంది. నిజమైన వైద్యుడు తనకు తెలియనిది తెలియదంటాడు, దొంగ వైద్యునికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. వైద్యుని సమర్థతను ఎలా పరీక్షించాలో కూడా ఇతడు వ్రాసాడు. అల్-రాజీ మరణించిన కొద్ది సంవత్సరాలకు, 931 లో, చికిత్సలో జరిగిన పొరపాటు వలన ఒక రోగి చనిపోగా ఖలీఫా అల్-ముక్తదిర్ బాగ్దాదులో వైద్యం చేసేవారందరినీ పరీక్షించవలసిందిగా సినాన్ ఇబ్న్ థాబిత్ అనే వైద్యుని ఆదేశించాడు. ఆ సందర్భంగా 860 మందికి పైగా పరీక్షకు వచ్చారు.

మశూచి, తట్టు

అల్-జుదరీ వ అల్-హస్బా అనే చిన్న గ్రంథం అల్-రాజీకి ఐరోపాలో శాశ్వతమైన కీర్తి తెచ్చింది. నడుమునొప్పి, ముక్కు దురద, నిద్రలో ఉలికిపాటు మశూచికి ముందు కనిపిస్తాయని, వికారం, కలవరం తట్టులో ఎక్కువగా ఉంటాయని, నడుమునొప్పి మశూచిలోనే అధికమని వివరించాడు. పొక్కులు కంటికి సోకి చూపు పోకుండా కంటిలో పన్నీరు వేయడం వంటి జాగ్రత్తలు చెప్పాడు. వ్యాధికి కారణం మాత్రం అతనికి అంతుచిక్కలేదు. ద్రాక్షరసం పులిసినట్లు పిల్లల రక్తం పులిసి పక్వమయ్యేటప్పుడు ఈ పొక్కులు వస్తాయని భావించాడు. ఒకరి నుండి మరొకరికి అంటుకుంటుందని వ్రాయలేదు. లాటిన్‌లోను, ఇతర ఐరోపా భాషలలోను ఈ గ్రంథం అనేకసార్లు ముద్రించబడింది. 1848 లో లండన్‌లో గ్రీన్‌హిల్ చేసిన ఆంగ్లానువాదం వెలువడింది.

బల్ఖ్‌కు చెందిన అబూ జైద్ అనే పండితునికి ప్రతి వసంతంలోను గులాబీల వాసనకు జలుబు చేయడాన్ని గురించి ఇతడు వ్రాసిన వ్యాసం కూడా ఆసక్తికరమైనది.

గాలెన్‌పై సందేహాలు

గ్రీకు వైద్యుడు గాలెన్ మాటకు తిరుగులేని కాలంలో అల్-రాజీ షుకూక్ అలా జాలీనూస్ (గాలెన్‌పై సందేహాలు) అనే గ్రంథం వ్రాసాడు. తనకు అందరికంటే ఎక్కువ మేలు చేసిన గురువును వ్యతిరేకించవలసి రావడం బాధగానే ఉన్నదని, అయితే శాస్త్రంలో గురువు మాటను పరీక్షించకుండా అంగీకరించడం ఆ గురువుకే సమ్మతం కాదని పీఠికలో వివరించాడు. రయ్, బాగ్దాదు వైద్యశాలలలో తాను చూసిన జ్వరాలలో గాలెన్ వర్ణనకు సరిపోయేవి ఎన్ని ఉన్నాయో, సరిపోనివీ అన్ని ఉన్నాయని చూపించాడు. ఈ ధైర్యానికి తరువాతి వైద్యులలో చాలామంది ఇతడిని మెచ్చుకోలేదు, నిందించారు.

మత విశ్వాసాలపై వివాదం

దైవం, ఆత్మ, పదార్థం, కాలం, ఆకాశం అనే అయిదూ అనాదిగా ఉన్నాయని అల్-రాజీ సిద్ధాంతం. ఇది సంప్రదాయ ఇస్లాం విశ్వాసానికి విరుద్ధం. అంతకంటే తీవ్రమైనది ప్రవక్తలను గురించిన వాదం. దైవం మానవులందరికీ బుద్ధిని సమానంగా ఇచ్చినపుడు కొందరినే మార్గదర్శకులుగా ఎన్నుకోవలసిన అవసరం ఏమిటని ఇతడు ప్రశ్నించినట్లు, అదే నగరానికి చెందిన ఇస్మాయిలీ పండితుడు అబూ హాతిమ్ అల్-రాజీ వ్రాసాడు. వీరిద్దరి వాదాన్ని అతడు తన గ్రంథంలో విపులంగా పొందుపరచాడు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ వాదాలు మనకు తెలుస్తున్నది ప్రధానంగా ప్రత్యర్థి రచన ద్వారానే. అల్-రాజీ స్వయంగా వ్రాసినట్లు చెప్పే పుస్తకాలు దొరకలేదు. అల్-బెరూనీ ఆ వాదాలను ఖండిస్తూనే అల్-రాజీ గ్రంథాల జాబితా తయారుచేసాడు. ఆ పుస్తకాలు గిట్టనివారు వ్రాసి ఇతడికి అంటగట్టినవి కావచ్చునని ఇబ్న్ అబీ ఉసైబియా అనుమానించాడు. నేటి పండితులలోనూ ఏకాభిప్రాయం లేదు. వైద్యుని శీలంపై వ్రాసిన లేఖలో మాత్రం దైవంపై భారం వేయమని శిష్యునికి చెప్పిన మాటలు స్పష్టంగా ఉన్నాయి.

అల్-తిబ్ అల్-రూహానీ (ఆత్మవైద్యం) అనే 20 అధ్యాయాల గ్రంథంలో కోపం, అసూయ, లోభం, దుఃఖం, మరణభయం మొదలైనవాటిని రోగాలుగా భావించి వాటికి వివేకాన్ని మందుగా సూచించాడు. తన లోపాలను నిర్మొహమాటంగా చెప్పే మిత్రుని ఏర్పరచుకోవాలని ఇందులో సలహా ఇచ్చాడు. మూగజీవాలను అనవసరంగా హింసించరాదని మరొకచోట వాదించాడు. శరీరాన్ని కాల్చుకుని, ఇనుప మేకులపై పడవేసుకుని హింసించుకునే భారతీయ తపస్సులను కూడా ఇతడు విమర్శించాడు. అతిభోగం ఎంత తప్పో అతినియమం కూడా అంతే తప్పని అతని అభిప్రాయం.

చివరి రోజులు

పాలకులతో కలసిమెలసి తిరిగే ఇతడు తత్వవేత్త ఎలా అవుతాడని కొందరు ఆక్షేపించగా, అల్-రాజీ తన జీవన విధానాన్ని సమర్థించుకుంటూ ఒక రచన చేసాడు. పాలకునికి జబ్బు చేస్తే చికిత్స చేసానని, బాగున్నపుడు మంచి సలహా ఇచ్చానని, ధనం కూడబెట్టలేదని అందులో తెలిపాడు. తాయెత్తులలో వ్రాసేటంతటి సన్నని అక్షరాలతో ఒకే సంవత్సరంలో 20,000 పుటలకు పైగా వ్రాసాడు. ఒక బృహద్గ్రంథం కోసం 15 సంవత్సరాలు రేయింబవళ్ళు శ్రమించడంతో చూపు మందగించింది, చేతి కండరాలు పట్టుదప్పాయి. అయినా మరొకరి చేత చదివించుకుని, మరొకరి చేత వ్రాయించుకుంటూ పని కొనసాగించాడు.

చివరకు పూర్తిగా అంధుడయ్యాడు. దీనిని గురించి పలు కథలు ఉన్నాయి. కోపించిన పాలకుడు ఇతడి పుస్తకంతోనే తలపై కొట్టించాడనేది ఒకటి. ఇది కల్పన అనిపిస్తుంది. కంటికి ఎన్ని పొరలో చెప్పలేని వైద్యుని చేత శస్త్రచికిత్సకు నిరాకరించాడనేది మరొకటి. అల్-బెరూనీ చెప్పినది వీటికంటే నిరాడంబరంగా ఉంది. తబరిస్తాన్ నుండి శిష్యుడొకడు చికిత్స చేయడానికి వచ్చాడు. అల్-రాజీ అతని ప్రేమకు సంతోషించి, మరణం దగ్గర పడినందున ఆ చికిత్స బాధను పెంచడం తప్ప మరో ప్రయోజనం ఉండదని వద్దన్నాడు. కొద్దికాలానికే, 925 అక్టోబరు 27 న రయ్‌లో మరణించాడు. 935 లో మరణించాడని వ్రాసినవారు కూడా ఉన్నారు.

అల్-హావీ, హైదరాబాదు ముద్రణ

అల్-రాజీ జీవితాంతం వ్రాసుకున్న వైద్య టిప్పణులు ఇతడి మరణానంతరం సోదరి వద్ద మిగిలిపోయాయి. బువైహిద్ పాలకుని మంత్రి ఇబ్న్ అల్-అమీద్ ఆమె వద్ద నుండి వాటిని సేకరించి, శిష్యుల చేత క్రమంలో పెట్టించాడు. అదే కితాబ్ అల్-హావీ. ఇందులో ఒక్కొక్క వ్యాధికి గ్రీకు, సిరియా, అరబ్బు వైద్యులు చెప్పినవాటితో పాటు భారతీయులైన చరకుడు, సుశ్రుతుల అభిప్రాయాలను కూడా పేర్కొని, చివర తన అనుభవాన్ని జోడించాడు. సిసిలీలో రాజు చార్లెస్ ఆఫ్ ఆంజౌ కోసం ఫరజ్ బెన్ సాలిమ్ అనే యూదు వైద్యుడు 1279 లో దీనిని లాటిన్‌లోకి అనువదించాడు. 1486 లో ఇటలీలోని బ్రెషియాలో అచ్చయింది. కితాబ్ అల్-మన్సూరీ 12వ శతాబ్దంలోనే జెరార్డ్ ఆఫ్ క్రెమోనా ద్వారా లాటిన్‌లోకి వెళ్ళింది. దాని తొమ్మిదవ భాగం చాలాకాలం ఐరోపా విశ్వవిద్యాలయాలలో పాఠ్యగ్రంథం. శరీరశాస్త్రవేత్త వెసాలియస్ 1537 లో దానికి వ్యాఖ్యానం వంటి రచన చేసాడు.

అల్-హావీ అరబ్బీ మూలం మాత్రం చాలాకాలం వ్రాతప్రతులకే పరిమితమై ఉండిపోయింది. దానిని వెలుగులోకి తెచ్చినది హైదరాబాదులో 1888 లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో పనిచేసిన ఈ సంస్థ, పలు దేశాల గ్రంథాలయాలలోని ప్రతులను సరిచూచి, 1955 నుండి 23 భాగాలుగా దీనిని ప్రచురించింది. ప్రపంచంలో ఎక్కడ అల్-రాజీపై పరిశోధన జరిగినా పాదసూచికలలో హైదరాబాదు పేరు కనిపించడానికి ఇదే కారణం. న్యూఢిల్లీలోని కేంద్ర యునానీ వైద్య పరిశోధనా మండలి ఈ గ్రంథానికి ఉర్దూ అనువాదం వెలువరించింది.

ఇరాన్‌లో ఏటా ఆగస్టు 27 ను అల్-రాజీ పేరిట ఔషధ శాస్త్రజ్ఞుల దినంగా జరుపుకుంటారు. కరజ్‌లోని టీకాల తయారీ సంస్థకు, కెర్మాన్‌షాలోని విశ్వవిద్యాలయానికి ఇతడి పేరు పెట్టారు. 2009 లో వియన్నాలోని ఐక్యరాజ్య సమితి ఆవరణలో ఇరాన్ ప్రభుత్వం బహూకరించిన మంటపంలో ఇబ్న్ సీనా, అల్-బెరూనీ, ఉమర్ ఖయ్యామ్‌ల విగ్రహాలతో పాటు అల్-రాజీ విగ్రహం కూడా ఉన్నది.